మా మామ ఇంట్లో చేసిన తూటాలు

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో దేవుడి పటాల పక్కనే తుపాకీ వేలాడేది. చిత్తూరుకు బస్సులో గంట దూరంలో, కొండ అంచున మా అత్తవారి చెనక్కాయ చేను. కాయ ఊరే వేళకు అడవి పందులు దిగివచ్చి, కూలీలు తవ్వినదానికన్నా శుభ్రంగా తవ్వుకు తినేవి. పంట కాపలాకని మా మామ ఎప్పుడో లైసెన్సు తీసుకున్నారు. ఆ తుపాకీ వల్ల పందులకు జరిగిన నష్టమేమిటో నాకు తెలియదు గానీ, ఊళ్లో ఆయన గౌరవం మాత్రం బాగా పెరిగింది. సంబంధం మాట్లాడడానికి వచ్చిన మా నాయన కూడా పొలం సంగతి అడగడం మరిచిపోయి, గోడకున్న తుపాకీనే చూస్తూ కూర్చున్నాడట.

మామ మహా పొదుపరి. తూటాలు తిరుపతిలో ఒక కొట్లో దొరికేవి. వాటి ధర పెరిగిన ప్రతిసారీ ఆయన కాల్చడం తగ్గిస్తూ వచ్చారు. నేను వచ్చేనాటికి పందికి గురిపెట్టి, కాసేపు ఆలోచించి, తుపాకీ దించేసే దశకు చేరుకున్నారు. పంది తినే కాయల కన్నా తూటాయే ఖరీదని ఆయన వాదన.

ఒక వేసవిలో తిరుపతి వెళ్లి, తూటాలకు బదులు రెండు పొట్లాలు తెచ్చారు. ఒకదాంట్లో తుపాకీ మందు, రెండోదాంట్లో తూటా అడుగున పెట్టే చిన్న రాగి టోపీలు. ఒకసారి పేలిన తూటాల డొప్పలను ఆయన ఏనాడూ పారేయలేదు. అటక మీది డబ్బాలోంచి వాటిని దించి, వసారాలో వరుసగా నిలబెట్టి మా అత్తను పిలిచారు.

"ఇంక అంగట్లో కొనే పనిల్యా. అన్నీ మనమే ఇంట్లో సేసుకుంటాం."

"మందు ఇంట్లో పెడ్తావా? పొయ్యి ఉండే ఇంట్లో?" అంది అత్త.

"శ్రీహరికోటలో రాకెట్టుకు మందు దట్టేవాళ్లు అంగట్లో కొనుక్కొస్తాండారా? వాళ్లే సేసుకుంటారు. మనకు సేతుల్లేవా?"

రాకెట్టు ప్రస్తావన వచ్చేసరికి అత్త పొయ్యి చూసుకోవడానికి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి మా వంటింటి సామాన్లు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. మందు కొలవడానికి ఉగ్గుగిన్నె పోయింది. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు పాలు తాగిన గిన్నె అది. మందు దట్టించడానికి పప్పుగుత్తి పోయింది, తల కోసేసి కాడ ఒక్కటే ఉంచుకున్నారు. చివరికి సీసపు గుండ్ల దగ్గర చిక్కొచ్చింది. అవి కొంటే మళ్లీ ఖర్చు. మామ ఎక్కడో పాత సీసపు గొట్టం ముక్కలు సంపాదించి, పెరట్లో కరిగించి, అత్త బూంది గరిటెలో పోసి, కింద నీళ్ల బకెట్టులోకి రాల్చారు.

సీసం నీళ్లలో పడి చుయ్యిమంది. చల్లారాక తీసి చూస్తే కొన్ని గుండ్రంగా, కొన్ని కందిగింజల్లా, చాలామటుకు తోకలతో కప్పపిల్లల్లా ఉన్నాయి.

"అమ్మణ్ణీ, ఎట్లుండాయి?" అని నన్నడిగారు.

నేను కొత్త కోడల్ని. "బాగుండాయి మామా" అన్నాను.

అత్త గరిటె తిప్పి చూసింది. రంధ్రాలు సగం పూడిపోయాయి. "ఇంక ఈ ఇంట్లో లడ్లు కావాలని ఎవురూ అడగబాకండి" అని, దాన్ని ఆయన ముందే పెట్టి లోపలికి పోయింది.

మందు మీద ఒక గట్టి అట్ట బిళ్ల పెట్టి, దాని మీద గుండ్లు పోయాలి. అట్ట కోసం ఆయన ఊరంతా తిరగాల్సిన పని లేకపోయింది. మా ఇంట్లో పెండ్లి పత్రికలన్నీ ఒక తీగకు గుచ్చి ఉండేవి. మంచి దళసరి అట్ట. కమ్మరి చేత ఒక ఇనుప గొట్టం చేయించుకుని, పత్రిక మీద నిలబెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే గుండ్రటి బిళ్ల ఊడి వచ్చేది. ఏళ్ల తరబడి వచ్చిన బంధువుల శుభకార్యాలన్నీ అట్లా తూటాల్లో దూరాయి. పాతవి అయిపోయాక మామ అప్పుడే వచ్చినవాటి మీద పడ్డారు.

వాటిలో నాయుడుపేట నుంచి వచ్చిన పత్రిక ఒకటి. మామ చిన్నాయన కొడుకు తన కూతురికి తిరుమలలో పెండ్లి చేస్తున్నాడు. మేం ప్రయాణానికి పత్రిక తీసి చూసేసరికి ముహూర్తం ఉన్నచోట బొక్క ఉంది.

"గురువారం. నాకు బాగా గుర్తుండాది" అన్నారు మామ.

గురువారం పొద్దున మేం నలుగురం పట్టుబట్టలు కట్టుకుని ఘాట్ రోడ్డు బస్సులో కొండెక్కాం. సత్రం పేరు పత్రికలో మిగిలే ఉంది. గుమ్మంలో మా మీద పన్నీరు చల్లారు, గంధం పూశారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. మామ అక్షింతలు వేసి, వెండి కుంకుమభరిణె పెండ్లికూతురి చేతిలో పెట్టి, తృప్తిగా వచ్చి కూర్చున్నారు.

అత్త మెల్లగా ఆయన వైపు వంగింది. "ఏమయ్యా, పెండ్లికూతురు మారినట్టుండాదే."

"ముస్తాబు సేస్తే అట్లనే ఉంటారులే."

"పెండ్లికూతురి నాయన గూడా మారినాడు."

మా ఆయన లేచివెళ్లి కనుక్కొచ్చారు. మా వాళ్ల పెండ్లి బుధవారమే అయిపోయింది. ఆ పొద్దున్నే అందరూ కొండ దిగిపోయారు. ఇచ్చిన భరిణె తిరిగి అడగడం మర్యాద కాదన్నారు మామ. భోంచేయకుండా పోవడం అంతకన్నా మర్యాద కాదని అందరం కూర్చుని తిన్నాం. నాయుడుపేట వాళ్లు ఆ తర్వాత చాలాకాలం మా గడప తొక్కలేదు. ఆ భరిణె ఖరీదుకు ఎన్ని తూటాలు వచ్చేవని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడు చేను బాగా కాసింది. ఒకరోజు పొద్దు వాలుతుండగా మేమంతా చేలోనే ఉన్నాం. అత్త గుడిసె దగ్గర సామాన్లు సర్దుతోంది. కొండ వైపు నుంచి ఒక పంది పిల్లలతో సహా దిగింది.

"కదలబాకండి" అని గుసగుసగా చెప్పి, మామ తుపాకీ ఎత్తారు.

అది రెండు గొట్టాల తుపాకీ. మొదటి గొట్టం టిక్కుమని ఊరుకుంది. రెండోది తుస్సుమంది. సీసపు గుండ్లు గొట్టం చివర నుంచి జారి ఆయన చెప్పుల ముందు రాలాయి. పంది తలెత్తింది. నోట్లో చెనక్కాయ చెట్టు వేలాడుతుండగా మా వైపు కాసేపు చూసి, మళ్లీ తల దించుకుని తినసాగింది.

మామకు ఎప్పుడూ లేనంత రోషం వచ్చింది. గబగబా వేరే తూటాలు దూర్చి మళ్లీ పేల్చారు.

ఈసారి కొండ మారుమోగింది. పొగలో మామ కనపడలేదు. పొగ విడిచేసరికి ఆయన వెల్లకిలా పడి ఉన్నారు. ముఖమంతా నల్లగా, ఎడమ చేయంతా నెత్తురు. ఆయన పోయారనే అనుకున్నాను. మా ఆయన పరుగెత్తి తల ఒళ్లో పెట్టుకున్నారు. అత్త గుడిసె దగ్గర నుంచి పడుతూ లేస్తూ వచ్చి, కొంగు చింపి చేయి కట్టింది.

"కండ్లు కనపడతాండాయా? నన్ను సూడు. నేనెవుర్ని?"

ఆయనకు చెవులు దిబ్బడ వేశాయి. ఆమె పెదవుల వైపు చూసి, "పంది పడిందా?" అని అడిగారు.

అంతవరకూ ఏడవని అత్త ఆ మాటకు ఏడ్చింది.

చిత్తూరు ఆస్పత్రిలో చేతికి కుట్లు వేశారు. ఎట్లా తగిలిందని డాక్టరు అడిగితే మామ, "సేన్లో పడినాను" అన్నారు. మొదట తుస్సుమన్నప్పుడు అట్ట బిళ్ల గొట్టంలోనే ఇరుక్కుందనీ, దాని వెనక ఇంకో తూటా పేల్చడంతో గొట్టం ఉబ్బిందనీ తుపాకులు బాగుచేసే ఆయన చెప్పాడు. బాగుచేయడం తన వల్ల కాదని తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు అత్త మిగిలిన తూటాలన్నీ తెచ్చి పెరట్లో నీళ్ల బానలో ముంచింది. మామ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, అరుగు మీద నుంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆమె పాత చీరలన్నీ పోగేసి, చేను గట్ల వెంబడి కర్రలు పాతించి కట్టించింది. పందులు రావడం మానలేదు గానీ బాగా తగ్గాయి.

అయినా మామ లైసెన్సు వదులుకోలేదు. గడువు వచ్చినప్పుడల్లా మరిచిపోకుండా రెన్యూవల్ చేయించేవారు. ఆ తర్వాత ఓట్లు వచ్చాయి. ఓట్లప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. మామ తుపాకీని పాత పంచెలో చుట్టి బస్సెక్కారు. టౌనులో పని ఉండి నేనూ వెంట వెళ్లాను.

కానిస్టేబులు పంచె విప్పి, ఉబ్బిన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పేలేదేనా పెద్దాయనా?"

"పేలుతాదో ల్యాదో నాకెట్ల తెలుస్తాదప్పా? కావాలంటే నువ్వే పేల్చి సూడు."

కానిస్టేబులు దాన్ని మెల్లగా తీసుకెళ్లి, గదిలో అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలలో ఆనించి వచ్చాడు. మామ రసీదు మడిచి జేబులో పెట్టుకున్నారు. బయట అత్తకు కనకాంబరాలు కొని, టీ కూడా తాగుదామన్నారు. ఓట్లు అయిపోయాయి, లెక్కింపు అయిపోయింది, ఊళ్లో తుపాకులున్న వాళ్లంతా వెళ్లి తెచ్చుకున్నారు. మామ మాత్రం చెనక్కాయలు పీకడం అయ్యాక చూద్దాంలే అన్నారు.