సోఫాల మెట్టు

మొన్న శుక్రవారం పొద్దున మా ఫుట్‌బాల్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న మాట కనిపించింది. "గ్రౌండు చాచా పోయిండు. జుమ్మా నమాజు అయినంక జనాజా." చదివాక నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఒక్క క్షణమే, కానీ కలిగింది. నేను చేసిన పనికి నన్ను నిలదీయగల మనిషి ఇక లేడు కదా అనుకున్నాను. కళ్లలో నీళ్లు ఆ తర్వాత వచ్చాయి. ఆ నీళ్లను నేను ఇప్పటికీ నమ్మడం లేదు.

ఇబ్రహీంపట్నంలో బంతి తన్నిన ప్రతివాడికీ ఆయన చాచాయే. సైకిళ్లు బాగుచేసే దుకాణం నడుపుకుంటూ, ఎవరూ అడక్కుండానే ముప్పై ఏళ్లు మా గ్రౌండును చూసుకున్నాడు. పొద్దున్నే వచ్చి రాళ్లు ఏరేవాడు, గోలు ముందు పడ్డ గుంతలు పూడ్చేవాడు. మ్యాచ్ ఉందంటే అడుగున చిల్లులు పెట్టిన నూనె డబ్బాలో సున్నం నింపి గీతలు పోసేవాడు. పోశాక వెంటనే వెళ్లిపోయేవాడు కాదు. గేటు బయట చాయ్ తాగుతూ దూరం నుంచి చూసుకునేవాడు. ఎక్కడైనా వేలెడు వంకర కనిపిస్తే చాయ్ సగంలో వదిలేసి లేచేవాడు. "గీత సక్కగుంటే కొట్లాట సగం తగ్గుతది బేటా" అనేవాడు. కందుకూరు జట్టుతో మా మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఆ మాటలో నిజం తెలుసు. మిగతా సగం కొట్లాటకు మాత్రం మేం ఎప్పుడూ లోటు రానివ్వలేదు.

నేను ఆయన కళ్ల ముందే పెరిగాను. ఇంటర్ చదివే రోజుల్లో చీలమండ బెణికితే నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టి, తాను నడుస్తూ దవాఖానకు తోసుకుపోయాడు. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు. "బంతిని చూస్తవ్, భూమిని చూడవ్. నీ అసొంటోనికి కాళ్లెందుకు?" రంజాన్ నెలలో రోజా ఉండి, ఉపవాసంతో గొంతు ఎండిపోతున్నా ఆటగాళ్లకు నీళ్ల గ్లాసులు తానే అందించేవాడు. వద్దు చాచా, మేం తీసుకుంటాం అంటే వినేవాడు కాదు. రోజా నాది, దూప మీది అనేవాడు.

నేను క్లబ్బు సెక్రెటరీ అయ్యాక గ్యాలరీ పెంచాలన్న ముచ్చట మొదలైంది. మాకు ఉన్నవి ఒకవైపు మూడు సిమెంటు మెట్లు. ఆదివారం వస్తే జనం ప్రహరీ గోడ ఎక్కి కూర్చునేవాళ్లు. ఆడవాళ్లు చూద్దామని వచ్చినా నిలబడే చోటు లేక తిరిగిపోయేవాళ్లు. ఇంకో ఏడు మెట్లు కడితే జిల్లా టోర్నమెంటు మాకే ఇస్తారు, ఆదిభట్ల కంపెనీ బస్సులు దిగేవాళ్లు కూడా ఇటు వస్తారు అని నేను అందరినీ ఊరించాను. కొందరు వద్దన్నారు. ఉన్న మెట్లే మామూలు రోజుల్లో నిండడం లేదు కదా అన్నారు. వాళ్ల నోళ్లు నేనే మూయించాను.

నిజం చెప్పాలంటే మెట్లతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా మెట్ల ముందు కట్టాలనుకున్న వెడల్పాటి అరుగుతో వచ్చింది. మన దగ్గర నలుగురు కూడే ఏ పనికైనా పెద్దమనుషులకు తెల్లగుడ్డ కప్పిన సోఫాలు ముందు వరసలో పడాల్సిందే కదా. ఆ సోఫాలు వేయడానికి నేను పట్టుబట్టి ఆ అరుగును ప్లానులో చేర్పించాను. గ్యాలరీ వెనక రోడ్డు, గ్రౌండుకు అవతల మురుగు మోరీ. ఎటూ జరగడానికి లేదు. అరుగు గ్రౌండు లోపలికే రావాలి.

మీటింగుకు చాచా ముడులు వేసిన తాడు పట్టుకుని వచ్చాడు. గ్రౌండును కొలిచేది దానితోనే. "మెట్లు కట్టుండ్రి, నేను వద్దంటలే. జనం కూసోవాలె. కానీ ముందల గా సోఫాల మెట్టొద్దు. ఆట జాగ తక్కువ వడ్తది. మూడు గజాలు పోతయ్. సోఫాలేసి ఏం జూస్తరు, ఆటే లేకపాయె?"

ఆ మాటకు ఒకరిద్దరు తలలూపారు. నాకు ఒళ్లు మండింది. "చాచా, గివి ఇంజనీర్లు జూసుకుంటరు. నువ్వు సున్నం పోసెటోనివి, సున్నం పొయ్యి" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వినట్టే ముఖం పెట్టి, తాడు చుట్టుకుని, "అవ్ సార్, గదే పోస్త" అని వెళ్లిపోయాడు. అప్పటిదాకా నేను ఆయనకు బేటానే. ఆ రోజు నుంచి సార్‌ను. ఆ తేడా నాకు వినబడింది. వినబడనట్టు ఉండిపోయాను.

గ్యాలరీ కట్టాం. రిబ్బను కత్తిరించాం. సోఫాలు వేశాం. కొన్నాళ్లకు టోర్నమెంటు వాళ్లు టేపు పట్టుకుని గ్రౌండు కొలవడానికి వచ్చారు. వెడల్పు మూడు గజాలు తక్కువ. గ్యాలరీలో జాగ ఉంది, గ్రౌండులో లేదు. వచ్చినాయన నా వైపు తిరిగి "ఏందండీ ఇది?" అన్నాడు. కమిటీ అంతా అక్కడే ఉంది. చాచా డబ్బా పట్టుకుని గీత పక్కనే ఉన్నాడు.

"మా గ్రౌండుమన్ గీత తప్పు పోసిండు సార్. ముసలాయన, కండ్లు జర సరిగ కనవడయ్" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. దాన్ని ఏ కథా చెప్పి తేలిక చేసుకోలేను. చాచా నన్ను చూశాడు. తర్వాత వచ్చినాయన వైపు తిరిగి, "అవ్ సార్. నాదే తప్పు" అన్నాడు. గీత కాస్త బయటికి జరుపుదామన్నా అక్కడ అరుగు ఉంది. వచ్చినవాళ్లకు అది కనబడకపోలేదు. టోర్నమెంటు మాకు రాలేదు. చాచాకు చూపు మందగించిందన్న మాట మాత్రం ఊళ్లో నిలిచిపోయింది. కుర్రాళ్లు ఎగతాళిగా ఆయన ముందు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగేవాళ్లు. ముప్పై ఏళ్లు వేలెడు వంకర లేకుండా గీత పోసిన మనిషి నవ్వుతూ జవాబు చెప్పేవాడు. నేను పక్కనే ఉండి కూడా ఒక్కసారీ ఆపలేదు.

చెబుదామని రెండుసార్లు దుకాణం దాకా వెళ్లాను. ఒకసారి టైరులో గాలి కొట్టించుకుని వచ్చాను. రెండోసారి గిరాకీ ఉంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని రోడ్డు మీది నుంచే తిరిగాను.

ఆదివారం జరగాల్సిన మ్యాచ్ ఆపి గ్రౌండులోనే సంతాప సభ పెట్టాం. ఆ గ్యాలరీ పై మెట్టు దాకా నిండడం నేను చూసింది అదే మొదటిసారి. నన్ను సోఫాలో కూర్చోబెట్టారు. ఆయన కూతురు, ఆదిభట్లలో ఉద్యోగం చేసే అమ్మాయి, వెనక సిమెంటు మెట్టు మీద కూర్చుంది. అరుగు దిగి, గ్రౌండులో పెట్టిన మైకు ముందుకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేయాలనే లేచాను. అన్ని ముఖాలు చూశాక అనుకున్నది పక్కన పెట్టాను. చాచా చాలా మంచి మనిషి, ఆయన లేని లోటు తీరనిది అని చెప్పి వచ్చి సోఫాలో కూర్చున్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

సభ అయ్యాక కూతురి దగ్గరికి వెళ్లి, "అమ్మా, ఆ టేపు పెట్టి కొలిచిన రోజు..." అన్నాను.

"తెల్సన్న" అంది. "అబ్బా ఇంటికొచ్చి చెప్పిండు. సెక్రెటరీ మొఖం తెల్లవడ్డది, పదిమందిల నిలవడలేకపోతుండు, నేనే మీదేసుకున్న అన్నడు. మేం అడుగుతమంటే వద్దన్నడు. ఒకదినం ఆయనే వస్తడు, చాయ్ తాగి చెప్తడు అన్నడు." కొంగు సర్దుకుని మళ్లీ అంది, "నీ కోసం మస్తు రోజులు ఎదురుచూసిండన్న."

ఈ మాట ఆమె ఒక్కదానికి చెబితే చాలదు. అందుకే ఇక్కడ, ఊరంతా చదివే చోట చెబుతున్నాను. చాచా కళ్లకు ఏమీ కాలేదు. ఆయన గీత తప్పలేదు. అబద్ధం నాది.

జనం మెట్లు దిగి గేటు వైపు వెళ్లడం మొదలుపెట్టారు. అరుగు కిందనే, గురువారం సాయంత్రం చాచా పోసిన గీత ఇంకా తెల్లగా ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, అందరూ అక్కడికి వచ్చేసరికి ఒక్క అడుగు పెద్దగా వేసి దాటి వెళ్లారు. గ్రౌండు ఖాళీ అయ్యేసరికి గీత ఒక్కచోట మాత్రం చెదిరి ఉంది, మైకుకు ఎదురుగా. నా చెప్పు వైపు చూసుకున్నాను. అంచు పొడుగునా సున్నం అంటి ఉంది.