తద్దినానికి పనికిరాని మిరపకాయ

నాన్న మొదటి తద్దినానికి గుంటూరు నుంచి చెన్నై వెళ్లాను. పురసవాక్కంలో అన్నయ్య ఇల్లు. నాన్న కుండీలో పెంచిన మొక్కకు కాసిన నాలుగు పచ్చిమిరపకాయలు వెంట తీసుకెళ్లి, అల్లం పచ్చడిలో వేయమని వంటస్వామికి ఇచ్చాను. మిరపకాయ కొరకనిదే నాన్నకు ముద్ద దిగేది కాదు.

వంటస్వామిది ఆ పక్కపేట చూలైలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఆయన కాయల్ని తాకలేదు.

"అయ్యో, ఇది కూడదు సామీ. మిరపకాయ ఓడలో వచ్చింది. పెద్దలకు ఎప్పుడూ మిరియాలే."

నిజమే. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో అని నేనూ చదివాను. మా ఇంటి తద్దినంలో అది ఇంకా పరాయిదేనని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

హాల్లో అన్నయ్య పురోహితుడి కోసం ఎదురుచూస్తూ ఫోన్లో వీడియో చూస్తున్నాడు.

"మెక్సికో పిరమిడ్లు కట్టింది మనవాళ్లేరా! వేల ఏళ్ల కిందటే వెళ్లారట. చరిత్రకారులు దాచిపెట్టారు."

వంటస్వామి మిరియాలు దంచడం ఆపాడు.

"ఆడిదాకా పోయి గోపురాలు కట్టినోళ్లు, వచ్చేటప్పుడు నాలుగు మిరపకాయలు మూటగట్టుకోని రాకూడదా సార్? అప్పుడే తెచ్చుంటే ఈ పొద్దు మీ నాయనకు పెట్టుండచ్చు గదా!"

అన్నయ్య ఫోన్ బోర్లా పెట్టాడు.

నాన్న పేరున మిరియాలు వేసిన అల్లం పచ్చడే వడ్డించాం. బతికుండగా అది పెడితే విస్తరి తోసేసి లేచిపోయేవాడు.