ఇనుప బద్ద మీద నిలబడ్డ రోజులు

మొన్న ఆత్మకూరు బజారులో స్నానాల గదికి రబ్బరు మ్యాటు కొనబోతే, కొలత చెబితే మిషను మీద కోసిస్తానన్నాడు కొట్టతను. వద్దు నాయనా, ఇంట్లో కోసుకుంటానని చుట్ట చుట్టించి ఆటోలో వేసుకొచ్చాను. ఎందుకలా అన్నానో, ఇంటి వెనక షెడ్డు తలుపు తీసేదాకా నాకే తెలియలేదు.

ఆ షెడ్డులో మా ఆయన జీపులకూ వ్యాన్లకూ అడుగున పరిచే రబ్బరు మ్యాట్లు కోసేవాడు. సీతారామపురం పక్క పల్లె నుంచి నేను కాపురానికి వచ్చేనాటికి ఆ పని కొత్తగా మొదలుపెట్టాడు. మెట్ట చేలూ మేకలూ తప్ప ఎరగని నాకు ఈ ఊళ్ళో పలకరించే మనిషి లేదు, ఆయన చూస్తే నోరు విప్పని మనిషి. మన తరంలో తొలి ఏడాది అలా గోడలతో కాపురం చేసినదాన్ని నేనొక్కదాన్నే కాదనుకుంటాను.

ఒకరోజు ఉదయగిరి నుంచి వ్యాను ఒకటి వచ్చింది. మర్నాడు పొద్దున్నే పెళ్ళివారిని ఎక్కించుకోవాలట. రబ్బరేమో చెక్కలా మాట వినదు, కత్తితో పాటు సాగి జరుగుతుంది. గీత పక్కన ఇనుప బద్ద పెట్టి మోకాలితో అదిమినా, బద్ద జారి కోత పాములా మెలికలు తిరిగింది. ఇక మిగిలిన ముక్క ఒక్క మ్యాటుకే సరిపోతుంది. నేను మజ్జిగ తీసుకుని వెళ్ళేసరికి ఆయన కత్తి కింద పడేసి, తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను నిలబడేదా దాని మీద?" అన్నాను.

"నువ్వా? కాలు తెగితే ఏంది గతి?"

"తెగదులేవయ్యా, నువ్వు కొయ్యి."

కాళ్ళు ఎడంగా పెట్టి బద్ద రెండు కొసల మీదా నిలబడ్డాను. ఆయన కత్తిని సబ్బునీళ్ళలో ముంచి, ఒక్కసారే లోతుగా దించకుండా, ముందు పైపైన గీసి, అదే గాడిలో మళ్ళీ మళ్ళీ లాగాడు. "కదలబాకు మే," అన్నాడు. నేను ఊపిరి కూడా బిగబట్టాను. తెగిన అంచును వెలుతురుకు పట్టి చూసి, "నీ బరువు సరిగ్గా సరిపోయిందే," అని నవ్వాడు. పెళ్ళయ్యాక ఆయన నవ్వు చూడటం నాకదే మొదలు.

ఆ తర్వాత ఏ కోతకైనా నన్ను పిలిచేవాడు. నా మొహం చూడనక్కర్లేదనో ఏమో, తల వంచుకుని కోస్తూ చిన్నప్పుడే పోయిన వాళ్ళమ్మ గురించీ, తిరిగిన ఊళ్ళ గురించీ చెప్పేవాడు. మా కాపురంలో మాటలన్నీ నేను ఆ బద్ద మీద నిలబడి విన్నవే.

రానురాను కొలతకు కోసిన మ్యాట్లే కొట్లలోకి వచ్చి పని సన్నగిల్లింది. నిరుడు ఎండాకాలం ఆయనా ఆయాసంతో వెళ్ళిపోయాడు.

మొన్న బద్ద ఒక కొసన రోకలిబండ పెట్టి, రెండో కొసన మోకాలు ఆనించి కోశాను. సగానికి బండ దొర్లింది, అంచు వంకరపోయింది. ఆ వంకర గోడ వైపుకు తిప్పి పరుచుకున్నాను. ఫోనులో బాగున్నావా అని అడిగేవాళ్ళు ఇప్పుడు బోలెడుమంది, ఆ రోజుల్లో ఒక్కరూ లేరు. కానీ ఒక్క నిమిషం వచ్చి ఈ బద్ద మీద నిలబడమ్మా అని ఎవరిని పిలవాలా అని, ఈ వీధి గుమ్మాలన్నీ మనసులోనే తిరిగి చూశాను. ఏ గుమ్మం ముందూ నోరు పెగల్లేదు.