ఒంటి పొరా, రెండు పొరలా?

చిన్న మంగళారంలోని మా తోటకి రెండు క్యాంపింగ్ ఉయ్యాలలు తెప్పించాను. ఒకటి ఒంటి పొరది, మడిస్తే గుప్పెట్లో ఇముడుతుంది. ఇంకొకటి రెండు పొరలది. ఏదో ఒకటి ఆ సాయంత్రంలోగా వాపస్ చేయాలి. రెండూ మామిడి చెట్లకి కట్టి, తేల్చుకోలేక నిలబడ్డాను.

తోటపని చేసే మార్తమ్మ వచ్చి రెండింటినీ వేళ్లతో నలిపి చూసింది.

"ఒక్క పొరైతే కిందనుంచి దోమలు కుడ్తయి. మా పిల్లల తొట్టెలకు చీర మడతేసి కట్టేటోళ్లం," అంది.

"నువ్వెప్పుడైనా ఇలాంటి ఉయ్యాల్లో పడుకున్నావా అవ్వా?"

"పెద్దోళ్లు పండుకుంటరా గిట్ల?" అంటూనే రెండు పొరలదాంట్లో కూర్చుని, మెల్లగా వాలింది. కాళ్లు నేల విడిచాయి. ఆకుల సందుల్లో ఆకాశం ఊగుతుంటే కళ్లు మూసుకుంది. రోడ్డు మీద మెహదీపట్నం బస్సు హారన్ కొట్టినా కదల్లేదు. నేను పక్కనే నిలబడి, నాకు తెలియకుండానే చాలాసేపు ఊపాను.

లేచి చెప్పులు వెతుక్కుంటూ, "ఇది వాపస్ పంపకు. మంచి కల పడ్డది," అంది.

ఒంటి పొరది పంపేశాను. నేను మాత్రం ఇంకా ఎక్కలేదు. ఇంతకీ ఉయ్యాల ఎవరిదంటారు, కొన్నవాళ్లదా, కల వచ్చినవాళ్లదా?