సగంలో ఆగిన కుట్టు

తల్లి కడుపులో ఎముకనూ నరాన్నీ ఒక్కటిగా అల్లి, ఆ అల్లికకు ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. డెబ్బయి ఏళ్ళు దాటిన ఈ కళ్ళకు ఇంకా సూది బెజ్జం కనిపించేటంత చూపు మిగిల్చిన ప్రభువుకు స్తోత్రం. ఆయన సెలవు లేకుండా లోకంలో ఏదీ జరగదని నమ్ముతాను గనుకనే, నాకు ఇప్పటికీ అంతుపట్టని ఒక సంగతిని ధైర్యం చేసి రాస్తున్నాను.

మొన్న మా చెల్లెలి మనవరాలికి స్కూలు యూనిఫారం గుడ్డ తీయడానికి నరసరావుపేట బజారుకు వెళ్ళాం. కొట్టతను రెండు తానులు విప్పి నా ముందు పరిచి, "మామ్మా, ఇది పాలిస్టరు, కాటను కలిపింది, ఒంటికి చల్లగా ఉంటది. ఇది పాలిస్టరు, విస్కోసు కలిపింది, ఇస్త్రీ చెదరదు. ఏది కొయ్యమంటారు?" అన్నాడు. నేను రెండో గుడ్డ మీద అరచెయ్యి వేసి పక్కకు జరపబోయేసరికి అది చేతిని అంటుకుని వచ్చి, ఎక్కడో లోపల చిటుక్కుమంది. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిల్ల నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ చప్పుడు నేను అంతకుముందే విన్నాను, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, జబ్బుపడ్డ మా చెల్లెలి పక్కన కూర్చుని.

నా తరం వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. గుడ్డ మీద కంట్రోలు పెట్టారు, గజం మల్లు గుడ్డ కోసం కొట్ల ముందు పొద్దుటినుంచీ నిలబడేవాళ్ళం, కిరసనాయిలు దొరక్క దీపాలు తొందరగా ఆర్పేసేవాళ్ళం. నేను ట్రైనింగు ముగించుకుని మా పల్నాడు వైపే ఒక మిషను బాలికల బోర్డింగు స్కూల్లో కుట్టుపని టీచరుగా చేరాను. మా అమ్మ అంతకు ముందు ఏడాది చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో, దగ్గీ దగ్గీ పోయింది. నాన్న కూలికి ఊళ్ళు తిరిగేవాడు గనుక చెల్లెల్ని నా దగ్గరే బోర్డింగులో పెట్టుకున్నాను. నాపరాయి పరిచిన పొడుగాటి గదిలో పిల్లలందరూ వరుసగా చాపల మీద పడుకునేవాళ్ళు, చలికాలం వచ్చిందంటే ఆ రాయి మంచుగడ్డ అయ్యేది. ఆ ఏడు మొదటి చలిగాలికే మా చెల్లెలికి దగ్గు పట్టుకుంది, ఆ దగ్గు అచ్చం అమ్మ దగ్గే. గోడకు అటువైపునుంచి వింటే అమ్మే దగ్గుతున్నట్టుండేది.

పిల్లలకు చలిచొక్కాలు కుట్టించాలని స్కూలు నడిపే దొరసాని ఎక్కడెక్కడో అడిగి, సైన్యంవారు పనికిరావని తీసేసిన ఊలు స్వెట్టర్లు మూటలు మూటలుగా తెప్పించింది. అవి పురుగు కొట్టి, చిరిగి, తొడుక్కోవడానికి పనికొచ్చేవి కావు. మా సంఘంలోనే రొంపిచెర్ల వైపునుంచి వచ్చి మగ్గం నేసే ఒకాయన ఉండేవాడు, అందరం బాబాయి అని పిలిచేవాళ్ళం. ఆయన రెండు మచ్చుగుడ్డలు నేసి తెచ్చాడు. ఒకటి మిల్లు నూలూ చేతినూలూ కలిపింది, శుభ్రంగా తెల్లగా ఉంది గానీ పట్టుకుంటే చలిగాలి ఇటునుంచి అటు పోతుంది. రెండోది స్వెట్టర్లు విప్పిన ఊలునూ నూలునూ కలిపి పురిపెట్టి నేసింది, బూడిద రంగులో, ముతగ్గా, చెంపకు ఆనిస్తే వెచ్చగా ఉంది. ఏది కావాలో కుట్టే దానివి నువ్వే చెప్పమని దొరసాని ఆ బరువు నా మీద పెట్టింది.

మా మేనత్త బైబిలు స్త్రీగా ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేది. ఆ మచ్చుగుడ్డ చూడగానే మొహం చిట్లించింది. "ఏమే, నీకు ధర్మశాస్త్రం నేర్పింది నేనే గదా! ఉన్నీ నారా కలిపిన గుడ్డ ఒంటి మీద వేసుకోవద్దని దేవుడు ఊరికే చెప్పాడా? పైగా అయ్యి ఎవరి ఒంటి మీదయ్యో, ఏంది కతో!" అంది. చిన్నప్పటినుంచీ వాక్యం మీరకుండా పెరిగినదాన్ని, ఒక పక్క ఆ మాట, ఒక పక్క గోడ అవతలి దగ్గు. పాస్టరయ్య దగ్గరకు పోయి అడిగాను. ఆయన, అది నారకు చెప్పిన మాట, ఇది దూదినూలు, అయినా మనం కృప కింద ఉన్నాం అని వివరించి, చివరికి, "పిల్ల దగ్గుతా ఉంటే ధర్మశాస్త్రం కుంపటి పెట్టదమ్మా" అన్నాడు. ఊలు కలిసిన నూలే కావాలని బాబాయికి కబురు పంపాను.

పిల్లలతో కూర్చుని కీర్తనలు పాడుకుంటూ స్వెట్టర్లు విప్పాం. ఒకదాని మోచేతి దగ్గర చిరుగు ఉంది, ఆ చిరుగును నల్లదారంతో ఎవరో సగం దాకా అల్లి, సూదిని అక్కడే గుచ్చి వదిలేశారు. దారం ఇంకా సూదిలోనే ఉంది. కుట్టేవాణ్ణి ఎవరో మధ్యలో పిలిస్తే లేచి వెళ్ళినట్టుంది, ఇప్పుడే వస్తానన్నట్టుంది. అయినా ఊలు వృథా చేయడానికి లేదు గనుక అదీ విప్పేశాను. ఆ సూదిని మాత్రం దారంతో సహా నా కుట్టుపెట్టె మూతకు లోపలివైపు గుచ్చి పెట్టుకున్నాను, ఆ దారం పీకెయ్యడానికి చెయ్యి రాలేదు.

గుడ్డ తెచ్చిన రోజు బాబాయి మొహంలో నవ్వూ లేదు, నవ్వు లేకుండానూ లేదు. "అమ్మాయ్, ఈ నూలు మగ్గం మీద ఊరుకోవట్లా. నేను చెయ్యి ఆపినా చిటుకు చిటుకుమంటానే ఉంది. మీ పిన్ని నూలు కండెలు చుట్టనని లేచిపోయింది. ఇంట్లో నాతో మాట్లాడేది ఇదొక్కటే మిగిలింది!" అన్నాడు. ఆ మాటకు అందరం నవ్వాం. చొక్కాలు కుట్టి, కిటికీ లేని పెట్టెల గదిలో పిల్లలకు తొడిగి చూస్తుంటే, తల మీదుగా లాగినప్పుడల్లా చీకట్లో నీలంగా నిప్పురవ్వలు లేచాయి. పిల్లలు కెవ్వుమని బయటికి పరిగెత్తారు. మా చెల్లెలు ఒక్కతే కదలకుండా నిలబడి, చెవి భుజానికి ఆనించి విని, ఎంతో మామూలుగా, "ఆయన ఇంకా కుట్టుకుంటన్నాడక్కా" అంది. సూది సంగతి దానికి నేను చెప్పలేదు. స్వెట్టర్లు విప్పిన రోజున అది జ్వరంతో పడుకుని ఉంది.

బట్టలుతికే పెద్దమ్మకు అంతవరకూ తెలిసింది నూలు గుడ్డే. మురికి పట్టిన చలిచొక్కాలను అన్నిటితోపాటు చౌడు నీళ్ళలో ఉబ్బకు పెట్టి ఉడికించింది. ఊలు ముడుచుకుంది, నూలు ముడుచుకోలేదు. మునిమాపు వేళ నేను దొడ్లోకి వెళ్ళేసరికి అవన్నీ తీగ మీద అట్టముక్కల్లా బిగుసుకుని, చేతులు అటూ ఇటూ చాపుకుని, లోపల ఒళ్ళున్నట్టే ఉబ్బి, గాలి లేకపోయినా మెల్లగా నా వైపు తిరిగాయి. తలలు లేని చిన్నపిల్లలు వరుసలో నిలబడినట్టుంది. అక్కడే నిలబడి, ప్రభువు నేర్పిన ప్రార్థన మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. అవి ఇక బొమ్మలకు తప్ప పనికిరాలేదు. మిగిలింది మా చెల్లెలి చొక్కా ఒక్కటే, దాన్ని పిల్ల ఎంత అడిగినా ఒంటి మీదనుంచి విప్పి ఇవ్వలేదు. పడుకుని మోచేతి మీద లేచి లేచి దగ్గి దగ్గి, చొక్కా మోచెయ్యి అరిగి చిల్లి పడింది. అతుకు వేస్తానన్నా ఇవ్వలేదు.

క్రిస్మసు దాటాక జ్వరం మరీ ఎక్కువైంది. వైద్యుడు వచ్చి చూసి, గడప దాటాక నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆరాధనలో ఉన్నారు. ఆవరణ అవతలినుంచి పాట వినిపిస్తూంది. పిల్ల నిద్రలో కదలకుండా పడి ఉంది, దాని ఊపిరి కూడా సరిగా అందడం లేదు. అప్పుడు చొక్కాలోంచి చిటుకు, చిటుకు అని మొదలైంది. గుడ్డ కదిలితే చప్పుడు చేస్తుందని నాకు తెలుసు, కానీ అక్కడ ఏదీ కదలడం లేదు. ఎవరో తాపీగా, అలవాటైన చేత్తో, సూది దించి, లాగి, మళ్ళీ దించుతున్నట్టు. లేచి పారిపోవాలనిపించింది గానీ, పిల్లను వదిలి ఎక్కడికి పోను? దాని చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. గుడిలో చివరి ఆమేన్ వినిపించింది. చప్పుడు ఆగింది. నా చేతిలో దాని అరచెయ్యి చెమ్మగిల్లింది. జ్వరం విడిచింది.

తడిసిన చొక్కా ఆ రోజే మొదటిసారి విప్పనిచ్చింది. మోచేతి చిల్లి మూసుకుని ఉంది, నల్లదారంతో. మా స్కూల్లో ఏ పిల్ల కుట్టు ఏదో చూడకుండా చెప్పగలను, ఇది మాలో ఎవరిదీ కాదు, మగచేతి కుట్టు, మొరటుగా, గట్టిగా ఉంది. యుద్ధం రోజుల్లో మాకు తెల్లదారం దొరకడమే గగనం. పెట్టె మూత తెరిచి చూశాను. సూది అక్కడే ఉంది. దారం లేదు.

చొక్కా పట్టుకెళ్ళి మా మేనత్తకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె శుక్లాలు వచ్చిన కళ్ళకు ఆ చొక్కాను దగ్గరగా పట్టుకుని, కుట్టు మీద వేలు పెట్టి తడిమి చూసింది. చనిపోయినవారి కోసం ప్రార్థించే అలవాటు మా సంఘంలో లేదు, నాకు ఆ స్వెట్టరు తొడుక్కున్న సిపాయి కోసం ప్రార్థించాలని ఉందని ఆమెకు తెలిసిపోయింది. "పోయాడని నీకెవరన్నా చెప్పారా ఏందే? చెప్పలా గదా. ఉన్నాడనుకునే చెయ్యి" అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చెల్లెలు బతికింది, నర్సయింది, పిల్లల్ని కని, మనవరాళ్ళను ఎత్తింది. ఇవాళ కొట్లలో తానులు ఏ చేతినీ చూడకుండా యంత్రంలోంచి వచ్చి పడుతున్నాయి, నూలులో ఏది ఎంత కలిసిందో అంచు మీదే అచ్చు వేసి ఉంటుంది, చిరిగితే పారేస్తాం. ఒకరి ఒంటి వెచ్చదనం విప్పి ఇంకొకరికి నేసే రోజులు పోయాయి. ఆ భయం పోయినందుకు సంతోషించాలో, ఆ వెచ్చదనం పోయినందుకు బాధపడాలో నాకు తెలియడం లేదు.

మొన్న మనవరాలికి ఆ రెండో గుడ్డే కోయించాను. ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే, పేరు తెలియని ఆయన కోసం మోకరించాను. లెక్క వేస్తే ఆయన ఈపాటికి ఉండడానికి వీల్లేదు, నాకూ తెలుసు. కానీ పోయాడని ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఇది చదువుతున్న మీరు కూడా కాసేపు తల వంచి, నాతో కలిసి ఆయన కోసం ఒక్క మాట అడగండి, ఎక్కడున్నా ఆయనకు చలి వేయకుండా చూడమని.