బాపు కూరిన సీసా

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో నాకు తప్ప ఇంకెవరికీ ఏ వస్తువునూ జాగ్రత్తగా పట్టుకోవడం రాదని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అప్పుడే పూర్తయింది. గోదావరిఖని క్వార్టర్లో చున్నీ వేసుకుని తిరుగుతున్నా ఒంటిమీద ల్యాబు కోటు ఉన్నంత దర్జా (అసలు ఆ కోటు కూడా ఒక సీనియర్ అక్కది, మోచేతి దగ్గర యాసిడ్ చిల్లు). అమ్మ గ్లాసు కింద పెడుతుంటే "మెల్లగ, మెల్లగ" అనేదాన్ని. గనిలో మందుగుండుతో పనిచేస్తూ ఒక్క వేలు కూడా పోగొట్టుకోని మా బాపుకు సైతం జాగ్రత్తలు చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం ప్రాణం గొంతులోకి వచ్చింది.

నా దగ్గర ఒక పొడి ఉండేది. పొడి అని నోటి అలవాటుకు అంటున్నాను, నిజానికి పంచదార పలుకుల్లాంటి సన్నటి స్ఫటికాలు. పగటి వెలుతురులో చూస్తే లేత పసుపు, ఎవరూ రెండోసారి చూడరు. చీకట్లో, దొంగనోట్లు పట్టే నీలం లైటు వేస్తే మాత్రం వరిమడిలా పచ్చగా వెలిగేది. దాన్నే కాస్త నలిపితే అదే లైటు కింద బంతిపువ్వు రంగుకు తిరిగేది. స్ఫటికంలో అణువులు ఒక వరసలో సర్దుకుని ఉంటాయి, నలిపితే ఆ వరస చెదిరి వెలుగు రంగు మారిపోతుంది. కొన్ని ద్రావకాల ఆవిరి తగిలితే మళ్ళీ బుద్ధిగా వరసలో కూర్చుని పచ్చబడుతుంది. ఉత్తరాదిలో ఒక పెద్ద పరిశోధన సంస్థ నుంచి నాకు పీహెచ్‌డీ సీటుకు పిలుపు వచ్చింది. సొంతంగా చేసిన పని ఏదైనా ఉంటే తెచ్చి చూపమన్నారు. నెలల తరబడి తంటాలు పడితే ఒక్కసారే సరిగ్గా వచ్చిన సరుకు నాది, చిన్న గాజుసీసాలో సగానికి ఉంది. పచ్చగా వెలుగుతున్నదాన్ని వాళ్ళ కళ్ళముందే నలిపి రంగు మార్చాలి. ముందే నలిగిపోతే చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

రైలు రామగుండంలో ఆగుతుంది కాబట్టి హైదరాబాదు నుంచి ముందురోజే ఇంటికి వచ్చాను. మా బాపు గనిలో షాట్ ఫైరర్. బొగ్గుకు వేసిన రంధ్రాల్లో మందు పెట్టి పేల్చే పని. నేను రైలెక్కే రోజు పొద్దున డ్యూటీ దిగి వచ్చి, మధ్యాహ్నం అన్నం తిన్నాక నా సీసాను చూస్తూ కూర్చున్నాడు. నేను పాఠం మొత్తం చెప్పాను.

"అంటే, ఒకదానికొకటి రాసుకోవద్దంటవ్?" అన్నాడు.

"రాపిడి అసలే తగలొద్దు బాపూ."

"మరి రైలు కుదుపుతది గదనే?"

"ఒళ్ళె పెట్టుకొని పోత."

బాపు సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపల గలగలమంది. నేను కెవ్వుమన్నాను. "సగం ఖాళీ ఉన్నది బిడ్డా," అన్నాడు దిగులుగా. (ఆ దిగులు చూసినప్పుడే నేను సీసా లాక్కుని ఉండాల్సింది. తలస్నానానికి పోయాను.)

తల తుడుచుకుంటూ వచ్చేసరికి సీసా స్టూలు మీద ఉంది, మూతి నిండా ఎర్రమట్టి. బొటనవేలితో నున్నగా సవరించి మరీ పెట్టిన మట్టి. పక్కన పాత చెక్క గరిటె కాడ. గనిలో పద్ధతి అదే: రంధ్రంలో మందు పెట్టాక సందు మిగలకుండా చెక్క కర్రతో కూరుతారు, పైన మట్టి దట్టిస్తారు. బాపు ముఖం నాకు సద్ది కట్టిచ్చినంత తృప్తిగా ఉంది.

"ఇగ ఎంత కుదిపినా కదలది. ఒకదానికొకటి రాసుకునే ఫికరే లేదు. ఇనుము తగలనియ్యలే బిడ్డా, చెక్కతోనే కూరిన. మట్టి అంటకుంట నడుమ కాగితం పెట్టిన."

నేను సీసా తీసుకుని బాత్రూములోకి పోయి తలుపు వేసుకున్నాను. కిటికీకి టవల్ అడ్డం పెట్టి నీలం లైటు వేశాను. పచ్చ ఎక్కడా లేదు. అడుగు నుంచి పైదాకా బంతిపువ్వే. అరుద్దామనుకున్నాను, ఏడుపే వచ్చింది. బయట అమ్మ గొంతు: "ఏం చేసినవయ్యా బిడ్డ సీసను?" బాపు గొంతు చాలా చిన్నగా: "గట్టిగ కూరలేదే…"

ఏడుస్తూనే నా పాఠం నాకు గుర్తొచ్చింది. ఆవిరి! ల్యాబులో అయితే అల్మారా నిండా ద్రావకాలు. క్వార్టర్లో ఏముంటాయి, కిరోసిన్ కూడా లేదు. పక్క క్వార్టర్లో ముందుగదిని బ్యూటీ పార్లర్ చేసిన అక్క ఉండేది. తడి జుట్టుతోనే ఉరికాను. అక్క ఎవరికో కనుబొమ్మలు తీస్తోంది.

"అక్కా, గోళ్ల రంగు తుడిచే మందు కావాలె. జల్ది!"

"రైలెక్కే పిల్లవు, ఇప్పుడు గోళ్ల ఫికర్ ఏందే నీకు?" దారం పళ్ళ మధ్యే ఉంది. అక్క చూపిన సీసా మీద చీటీ చెరిగిపోయింది. మూత తీసి వాసన చూశాను. ఘాటుగా ముక్కుకు కొట్టింది. అసిటోన్, నాకు కావలసిన ద్రావకమే! ఆ వాసన అంత కమ్మగా నాకు మళ్ళీ ఎప్పుడూ అనిపించలేదు.

వంటింట్లో స్టీలు టిఫిను డబ్బా తీసి, అడుగున ఆ మందుతో తడిపిన దూది పరిచి, నడుమ చిన్న గిన్నె బోర్లించాను. మట్టిని గుండుసూదితో కొద్దికొద్దిగా తవ్వి, కాగితం లాగి, సీసాను వంచి తట్టితే సరుకంతా ఒకే బిళ్ళగా ఊడి వచ్చింది (బాపు పనితనం). దాన్ని గిన్నె మీద పెట్టి మూత వేశాను. వాసన తగలగానే, ఇది నిప్పంటుకునే సరుకని బాపు లేచాడు. పొయ్యి ఆర్పించాడు, దేవుడి దగ్గర దీపం ఆర్పించాడు, నన్నూ అమ్మనూ బయటికి పంపి, పేల్చేముందు గనిలో నిలబడ్డట్టు వంటింటి గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డాడు. అప్పుడే ఎదురింటి కాక బీడీ కాలుస్తూ వచ్చాడు.

"ఆగు! ఆర్పు!"

కాక బీడీ పారేసి రెండడుగులు వెనక్కి దూకాడు. "ఏందన్నా, ఇంట్ల షాట్ పెడుతున్నవా?"

బాపు చేతులు ఇంకాస్త చాచాడు. నేను చీకటి కోసం దుప్పటి కప్పుకుని డబ్బా దగ్గరికి పోవడం, మూత కొంచెం తీసి లైటు వేయడం, తలాడించుకుంటూ రావడం. మొదటిసారి బంతిపువ్వే. రెండోసారీ అంతే. "ఇంకొంచెం ఆగు బిడ్డా, ఉరికురికి చూడకు," అన్నాడు బాపు. ఆ గొంతులో ధైర్యం నాకోసం తెచ్చుకున్నదని అప్పుడు కూడా తెలిసింది. అమ్మ గోడకు ఆనుకుని ఏదో మొక్కుకుంటోంది. బయట ఆటో వచ్చి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ఇంకోసారి దుప్పటి కప్పుకున్నాను. అంచుల్లో పచ్చ! సన్నగా, చుట్టూ. ఆ పచ్చ మెల్లగా లోపలికి పాకింది, కానీ నడుమ గరిటె కాడ ఆనినచోట గుండ్రంగా బంతిపువ్వు అలాగే ఉండిపోయింది. అంతకంటే ఆగితే రైలు దొరకదు.

ఆటోలో డబ్బా బాపు ఒళ్ళో ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాడు. గుంతలు వచ్చినప్పుడల్లా సీటు మీద నుంచి కొంచెం పైకి లేచేవాడు, కుదుపు తన కాళ్ళకే తగిలేలా. ప్లాట్‌ఫాం మీద డబ్బా ఇచ్చాక బాపుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పోయిందా బిడ్డా?"

"సగం వచ్చింది బాపూ."

"సగం," అన్నాడు. రైలు కదిలింది. కిటికీలోంచి చూస్తే అరచేతిని ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. నాకు కోపం ఎటు పోయిందో తెలియదు, రాత్రంతా డబ్బాను పొట్టకు హత్తుకుని కూర్చున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు. లైట్లు ఆర్పారు. నేను బిళ్ళమీద నీలం లైటు వేశాను. చుట్టూ పచ్చ, నడుమ బంతిపువ్వు చుక్క. ముగ్గురూ ఒకేసారి ముందుకు వంగారు. ఇక అయిపోయింది అనుకున్నాను. పచ్చ అంచును కొంచెం గీరి నలిపి చూపించాను, రంగు మారింది, కానీ వాళ్ళ చూపు ఆ చుక్క మీదే ఉంది. అది ఎందుకు తిరిగి పచ్చబడలేదని అడిగారు. అక్కడ వరస బాగా చెదిరింది, ఆవిరి లోపలిదాకా అందలేదు అన్నాను. ఎవరు నొక్కారు అన్నారు. అబద్ధం ఆడే ఓపిక లేదు. "మా నాన్న సార్, బొగ్గుగనిలో పనిచేస్తారు," అని జరిగింది మొత్తం చెప్పాను. నవ్వుతారనుకున్నాను. పెద్దాయన చాలా శ్రద్ధగా, ఎంత ఒత్తిడితో నొక్కి ఉంటారు, కనీసం ఒక అంచనా చెప్పగలవా అన్నాడు. "అడిగి చెప్తాను సార్," అని బయట వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను.

"బాపూ, ఎంత గట్టిగ కూరినవ్?"

"సీటు పోయిందా బిడ్డా?"

"లేదు బాపూ, తెలుసుకుందామని అడుగుతున్నరు. చెప్పు, ఎంత గట్టిగ?"

"గట్టిగ ఏడ కూరిన బిడ్డా," అన్నాడు. "నీ చిన్నప్పుడు నీకు దిష్టిచుక్క పెట్టినంతనే. గంతనే చెప్పు సార్లకు."

సీటు వచ్చింది, ఆ చుక్క మీదే మొదటి ఏడాదంతా పనిచేశాను, అవన్నీ వేరే సంగతులు. ఆ వరండాలో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిన పిల్లే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది. ఒత్తిడి ఎంత అని అంత పెద్ద శాస్త్రవేత్తలు ఎదురుచూస్తూ కూర్చుంటే, బాపు మాటను ఏ కొలతలో చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియక, చూపుడువేలు తన బుగ్గకు మెల్లగా ఆనించి చూపించింది.