కళ్ల కింద రాసుకునే క్రీము

మాకు పుట్టిన పాప తొమ్మిది రోజులు బతికింది. ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు హనుమకొండలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన హసన్‌పర్తి బడిలో లెక్కలు చెప్పేవాడు. నేను తాలూకా ఆఫీసులో టైపిస్టును. ప్రసవానికి పెట్టిన సెలవు ఇంకా నెలన్నర మిగిలి ఉండగానే డ్యూటీలో చేరాను. ఇంట్లో ఉండి చేసేదేమీ లేకపోయింది.

నేను ఏడవలేదు. గుండె గట్టిదని అందరూ అనుకున్నారు. మా అత్తమ్మయితే నలుగురిలో మెచ్చుకుంది కూడా. సూదిమందు ఇచ్చి పన్ను పీకాక పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అట్లా ఉండేది. అన్నం తిన్నానో లేదో టిఫిన్ డబ్బా మూత తీసి చూస్తే తెలిసేది.

ఆఫీసులో వాళ్లకు పాప గురించి అడగడానికి నోరు రాలేదు. అందుకని కళ్ల గురించి అడిగేవాళ్లు. "కండ్ల కింద గంత నలుపేందమ్మా? నిద్ర పోతలేవా?" అని హెడ్ క్లర్కు ఒకరోజు, మంచినీళ్లు తెచ్చే ముసలమ్మ ఇంకోరోజు. ఇంటికొచ్చి ఆ మాటే మా ఆయనకు చెప్పాను, చెప్పడానికి వేరే ఏమీ లేక.

మర్నాడు సాయంత్రం ఆయన ఒక స్నో సీసా తెచ్చాడు. "కండ్ల కింద రాస్కో, తగ్గుతదట" అన్నాడు. రాసుకున్నాను. అది ఆరిపోయి కళ్ల చివర తెల్లగా గీతలు కట్టింది. నాలుగు రోజులకు అక్కడ చర్మం పొట్టులా లేచింది. ఆయన ఇంకొకటి తెచ్చాడు. గులాబీ రంగుది, మూత తీస్తే గదంతా అత్తరు వాసన. అదీ రాసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి కళ్ల కింద ఎర్రగా పొంగి ఉంది. ఆయన పళ్లు తోముకుంటూ నన్ను చూసి, నోట్లో నురుగుతోనే ఆగిపోయాడు.

"మండలేదా?"

"మండింది."

"ఎప్పటి సంది?"

"రాసినప్పటి సంది."

"మరి కడుక్కోవద్దా? నన్ను లేపొద్దా?"

మంట తెలిసింది. కడుక్కోవాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆయన నోరు పుక్కిలించి వచ్చి, చెంబుతో నీళ్లు పోస్తూ నా ముఖం తనే కడిగాడు.

ఆ సాయంత్రం చౌరస్తాలోని ఫ్యాన్సీ స్టోరుకు వెళ్లి సంగతి చెబితే, సేటు ఒకటే ప్రశ్న వేశాడట. అది మోసుకొచ్చి నన్ను అడిగాడు.

"నీ చర్మం ఎసొంటిది? జిడ్డుదా, పొడిదా?"

"ఏమో."

"నాకూ తెల్వదాయె."

మా పెళ్లయి అప్పటికి మూడేళ్లు.

పక్క వాటాలో ఒక నర్సు ఉండేది. పెద్ద దవాఖానలో పని, డ్యూటీ దిగి వచ్చి మెట్ల మీద కాళ్లు చాపుకొని కూర్చునేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. మా ఆయన వెళ్లి ఆమెను తీసుకొచ్చాడు. ఆమె నా ముఖం కిటికీ వైపు తిప్పి చూసింది.

"నాలుగు దినాలు ఏం రాయకు. ఎరుపు పోయినంక, పొద్దుగాల సబ్బు లేకుంట మొకం కడుక్కో. గంటసేపు ఆగి పతంగి కాయితం అద్ది సూడు. నూనె ఏడ అంటితే ఆడ జిడ్డు."

ఆదివారం ఆయన గాలిపటాలకు వాడే పల్చటి పతంగి కాగితం ముక్కలు కత్తిరించి ఇచ్చాడు. నుదుటి మీదా, ముక్కు మీదా అద్దింది నిలబడి, నూనె మరక పడింది. చెంపకు అద్దింది జారింది. కళ్ల కింద అద్దింది నిలవనే లేదు, ఒళ్లో పడిపోయింది. లెక్కల మనిషి కదా, ఆయన ఆ ముక్కలను వరసగా బల్ల మీద పెట్టి, నర్సక్కను పిలిచి చూపించాడు.

"కండ్ల కింద పొడి. వాసన లేనిది, మెత్తటిది తీసుకోండ్రి" అందామె. "ఆడ తోలు ఉల్లిపొరంత ఉంటది. ముందుగాల మోచేతి లోపల రెండు దినాలు రాసి సూడాలె. ఇగ నలుపంటవా, క్రీముతోని పొడి పోతది గని నలుపు పోదు. దానికి రక్తం కావాలె. రక్తం పట్టే గోలీలు నేను తెస్త."

ఆ సాయంత్రం ఇద్దరం స్టోరుకు వెళ్లాం. పాప పోయాక మేము కలిసి బజారుకు పోవడం అదే మొదటిసారి. సేటు అద్దాల బీరువాలోంచి మూడు తీసి ముందు పెట్టాడు.

"ఏది తీసుకుందాం?" అన్నాడు మా ఆయన.

"ఏదైనా సరే."

"ఏదైనా అంటే ఎట్లా? మొకం నీది."

ఒక్కొక్కటే వాసన చూశాను. మొదటిది మల్లె. రెండోది ఘాటు. మూడోది నిమ్మ. వాసన లేనిది కావాలన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక, ఇన్నాళ్లకు ఏదో ఒకటి కావాలని అడిగానని తోచింది.

సేటు కింది అరలోంచి చిన్న డబ్బా తీశాడు. "గిది పసిపిల్లలదమ్మా. వాసనుండది, మంట పెట్టది. శాన మంది పెద్దోళ్లు గూడ కొంటరు."

డబ్బా మీద నవ్వుతున్న పసిపాప బొమ్మ ఉంది. మా ఆయన చెయ్యి దాన్ని పక్కకు జరపబోయింది. నేను అంతకు ముందే తీసుకుని మూత తిప్పాను. కొద్దిగా వేలికి తీసి చేతి మీద రాశాను. జారలేదు, పూతలా నిలవలేదు, చర్మంలోకి ఇంకింది.

"ఇది చాలు" అన్నాను.

మర్నాడు చూస్తే డబ్బా మీద బొమ్మ లేదు. తడి గుడ్డతో నానబెట్టి కాగితం ఒలిచేశాడు.

మోచేతి లోపల రెండు రోజులు రాశాను. ఎరుపెక్కలేదు. మూడో రోజు నుంచి కళ్ల కింద, నర్సక్క చెప్పినట్టు ఉంగరపు వేలితో, కందిగింజంత తీసుకుని, రుద్దకుండా అద్దుకునేదాన్ని. పొట్టు లేవడం ఆగింది. గోలీలు మింగాను. నెల దాటాక నలుపు కొంచెం పలచబడింది. పూర్తిగా పోలేదు. లోపలి మొద్దుతనానికి మాత్రం అది మందు కాలేదు, అవుతుందని నేను అనుకోనూ లేదు.

ఒక పొద్దున రాసుకుంటుంటే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలో నా వెనక నిలబడ్డాడు. ఆయన కళ్ల కింద నాకన్నా నల్లగా ఉంది. తిరిగి నేరుగా చూశాను. చాలా రోజులుగా ఆ ముఖం చూడలేదని అప్పుడు తెలిసింది.

"మీరు గూడ నిద్ర పోతలేరా?" అన్నాను.

"పోతలే" అన్నాడు. సైకిల్ తీసుకుని బడికి వెళ్లిపోయాడు.

డబ్బా అయిపోయాక, ఆఫీసు నుంచి వస్తూ ఒక్కదాన్నే స్టోరులో ఆగాను. సేటు కొడుకనుకుంటా, కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. ఏం కావాలో చెప్పాను.

"బాబుకా, పాపకా అమ్మా?" అన్నాడు, డబ్బా తీస్తూ.

"నాకే. పాప పుట్టింది మాకు. తొమ్మిది దినాలు ఉన్నది."

అప్పటిదాకా బయటివాళ్లెవరికీ ఆ మాట చెప్పలేదు. అతను తల వంచుకుని, డబ్బాను పాత పేపర్లో చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. నేను తీసుకుని బస్‌స్టాపు దాకా నడిచాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. బస్సులో ఒకావిడ బియ్యం సంచి కాళ్ల దగ్గరకు జరుపుకుని నాకు చోటిచ్చింది. కూర్చున్నాను.